చప్పట్లు కొట్టని ఆదివారం

ఆరేళ్ల కిందట మద్రాసు బండెక్కిన బాజీ మళ్లీ బోగోలు ముఖం చూడలేదు. బిట్రగుంట, కావలి, బోగోలు అభిమానులు చందాలు వేసుకుని కొనిచ్చిన కొత్త ఎకార్డియన్ కూడా అతనితోపాటే మాయమైంది. అతను డ్రమ్ములు వాయించిన 'అలల మేళం' మాత్రం ఆ ఏడాదే గ్రామఫోను రికార్డు ఇచ్చి ఆంధ్రదేశమంతా మోగిపోయింది. ఇప్పుడు పదేళ్ల పండగ పేరుతో మేళం వాళ్లు తమ చరిత్రను తామే అచ్చు వేయించారు. బిట్రగుంట అభిమాన సంఘం ఆ పుస్తకాన్ని ఆదివారానికో అధ్యాయం చొప్పున కలిసి చదువుతోంది. ఐదు అయిపోయాయి. ఆరో అధ్యాయం బాజీ చెల్లెలు దిల్షాద్ వంతుకు వచ్చింది. సరిగ్గా ఆ ఆదివారమే, పుస్తకం కూర్చిన మేళం మేనేజరు కామాక్షయ్య మద్రాసు నుంచి దిగాడు.

రైల్వే కాలనీలో ఎలిశబెతు టీచరు క్వార్టరు వసారాలో ఆయనకు చేతుల కుర్చీ వేశారు. మెళ్లో కదంబం దండ పడింది. చేతికి కాఫీ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. టెరిలీన్ చొక్కా, వేలికి పచ్చరాయి ఉంగరం. పుట్టింది బుచ్చిరెడ్డిపాలెం కాబట్టి మాటలో నెల్లూరు పోలేదు.

"ఇన్ని ఊళ్లు తిరిగినాను గానీ, పుస్తకాన్ని ఇట్టా భజన మాదిరి చదివే సంఘం యాడా చూళ్లేదయ్యా" అన్నాడు.

సంఘం అధ్యక్షుడు రంగనాయకులు పొంగిపోయాడు. స్టేషన్లో బుకింగు క్లర్కు. ఎకార్డియన్ కోసం మూడు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి చందా దండినవాడు. బాజీ పేరెత్తితే ఇప్పటికీ అతని ముఖం గంటు పెట్టుకుంటుంది. దిల్షాద్ ఈ సంఘంలో చేరతానని వచ్చిన రోజున 'దొంగ చెల్లెలికి మనలో చోటేంది' అని గట్టిగా అడ్డుపడింది కూడా అతనే. టీచరు పట్టుబట్టి చేర్చుకుంది.

దిల్షాద్ చేరింది పాటల మీద మోజుతో కాదు. మేళం చరిత్ర అచ్చవుతోందని పేపర్లో చూసి చేరింది. ఊళ్లో అనే మాట గాలికి పోతుంది. పుస్తకంలో పడిన మాట పోదు. అన్నను ఆ పుస్తకం ఏమంటుందో అదే రేపు ఊరి నిజం అవుతుంది. దొంగ అంటే ఇక ఎవరు తుడవగలరు? దొంగ కాదంటే, బోగోలు వీధిలో తను, తల్లి తలెత్తుకు నడవొచ్చు. ఆ ఒక్క వాక్యం కోసం ఐదు వారాలుగా వసారాలో కూర్చుని, వేరేవాళ్ల నోటి వెంట మేళం గొప్పలన్నీ ఓపిగ్గా విన్నది.

ఇవాళ తల్లి నాగూర్‌బీ కూడా వచ్చింది. ఇంతకుముందెప్పుడూ రాలేదు. లోపలికి రమ్మంటే రాకుండా వసారా మెట్టు మీద, స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. చెప్పకుండా వెంట నడిచొచ్చిన తల్లిని ఎందుకొచ్చావని దిల్షాద్ అడగలేకపోయింది.

రంగనాయకులు గొంతు సవరించుకున్నాడు. "దిల్షాదూ, ఈ వారం నువ్వు చదవద్దులే. టీచరమ్మ చదువుద్ది."

"ఎందుకన్నా?"

"ఊరికే. గొంతు బాగలేదనుకో."

"నా గొంతు బాగానే ఉండాది."

"గొంతు బాగలేకపోవాల్సింది నీకు రంగనాయకులూ" అన్నాడు చెంచురామయ్య బల్ల మీద కాళ్లు ముడుచుకుంటూ. బోగోలులో పదెకరాల మాగాణి ఉన్న రైతు. పాటంటే చెవి కోసుకుంటాడు. "పోయిన వారం నువ్వు చదివినదానికి మా ఎద్దులు బెదిరి కావలి దోవ పట్టినాయి."

వసారా అంతా నవ్వింది. దిల్షాద్ నవ్వలేదు.

"నియమం రాసింది నువ్వే కదన్నా. వంతు తప్పకూడదు. ముందుకు తిప్పి చూడకూడదు. ఒక్క మాట మింగకూడదు. నేనేం చూళ్లేదు. ఏం మింగను."

కామాక్షయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఎవరీ అమ్మాయి?"

ఎలిశబెతు చెప్పింది. "బాజీ చెల్లెలండీ."

ఆయన చేతిలోని రుమాలు ముఖం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ తర్వాత మాట చాలా తియ్యగా వచ్చింది. "అయితే ఒక పని చేద్దాం. నేనెట్టాగూ వచ్చినాను గదా, ఈ ఒక్క అధ్యాయం నోటితోనే చెప్తా. పుస్తకంలో లేని సంగతులు కూడా చెప్తా."

"నోటితో చెప్పేదానికి అచ్చు ఎందుకేసినారయ్యా?" అన్నాడు చెంచురామయ్య.

దిల్షాద్ అప్పటికే పుస్తకం తెరిచింది.

మొదటి రెండు పేజీలు హాయిగా సాగాయి. కావలి కచేరీ, కిక్కిరిసిన జనం, కొత్త ఎకార్డియన్ మెడలో వేసుకున్నప్పటి సంబరం. అందులో బిట్రగుంట పేరు వచ్చినప్పుడు రంగనాయకులు రెండుసార్లు దగ్గి, అందరివంకా చూశాడు. పక్కనే రైలు షెడ్డులో ఇంజను కూసింది. కూత పూర్తయ్యేదాకా చదువు ఆపడం అక్కడి అలవాటు. దిల్షాద్ ఆగింది. ఆగినప్పుడు కళ్లు మాత్రం ముందుకు పోయాయి. పోకూడదని తెలుసు. పోయాయి.

మళ్లీ మొదలెట్టినప్పుడు గొంతు మారలేదు. అదే వేగం. అదే స్పష్టత.

"'మా ప్రయాణంలో ఒక మచ్చ ఉన్నది. మద్రాసు బండి నెల్లూరులో ఆగినప్పుడు మా డ్రమ్మరు బాజీ టీ తాగి వస్తానని దిగాడు. బండి కదిలింది. బాజీ రాలేదు. చూస్తే ఎకార్డియన్ పెట్టె లేదు. అభిమానులు మమ్మల్ని నమ్మి ఇచ్చిన వాయిద్యాన్ని దొంగిలించిన ఆ మిత్రుణ్ణి మేము క్షమించాము. అతణ్ణి ఆ తర్వాత మాలో ఎవరమూ చూడలేదు.'"

ఎలిశబెతు చెయ్యి చాపి పుస్తకం అందుకోబోయింది. దిల్షాద్ ఇవ్వలేదు.

"ఇంకా ఉండాదక్కా" అని చదివింది. "'తెల్లవారి మద్రాసులో దిగి నేరుగా స్టూడియోకు పోయాము. ఎకార్డియన్ లేదు. డ్రమ్మరు లేడు. అంతవరకు మా ముఖమైనా చూడని మద్రాసు డ్రమ్మరొకతను అప్పుడే వచ్చి, రిహార్సల్ కూడా లేకుండా, ఒక్క ఊపులో వాయించాడు. అదే మా మొదటి రికార్డు, "దోనె కదిలిందోయ్".'"

పుస్తకం ఒళ్లో పెట్టుకుని తలెత్తింది. "పాట పేరొచ్చింది. పెట్టండి."

అది కూడా నియమమే. పుస్తకంలో ఏ పాట పేరు వస్తే ఆ పాట రికార్డు పెట్టాలి.

"ఇప్పుడెందుకులేమ్మా" అన్నాడు కామాక్షయ్య. "అందరికీ మనసు బాగలేదు."

"నాకు బాగానే ఉండాది. పెట్టక్కా."

ఎలిశబెతు గ్రామఫోనుకు కీ ఇచ్చింది. సూది మార్చింది. పాట మొదలైంది. నాటుకుపోయిన పాట. ఆ కాలనీలో పెళ్లయినా, పదవీ విరమణ అయినా అదే మోగుతుంది. ఎకార్డియన్ పోయిన దిగులునంతా క్లారినెట్టు మోసిందని అభిమానులు దాన్ని ఇంకాస్త ఇష్టపడేవాళ్లు. చరణం, పల్లవి, మళ్లీ చరణం. గాయకుడి గొంతు చివరి 'ఓయ్' దగ్గర సాగి, సన్నగిల్లి, ఆగింది.

ఈ సంఘం ఆ పాటను ఇప్పటికి ఎన్ని వందలసార్లు విన్నదో లెక్క లేదు. అన్నిసార్లూ ఆ 'ఓయ్' ఆగీ ఆగకముందే చప్పట్లు పడేవి. ఈలలు పడేవి. ఎవరో ఒకరు 'ఇంకోసారి' అని అరిచేవారు. అభిమానమంటే అదే మరి. ఎవరి చప్పట్లు ముందు పడతాయని పందెం కూడా ఉండేది. రంగనాయకులే ఎప్పుడూ గెలిచేవాడు.

ఇవాళ ఎవరి చేతులూ లేవలేదు.

అందుకని, ఆ వసారాలో మొట్టమొదటిసారి, పాట అయిపోయాక రికార్డులో మిగిలినది వినిపించింది.

డ్రమ్ములు. గాయకుడు ఆగాక కూడా వాయించేవాడు ఆగలేదు. తనలో తాను, సరదాకి, దరువు మార్చాడు. మూడు దెబ్బలు. ఒక ఖాళీ. రెండు దెబ్బలు. మళ్లీ మూడు. ఖాళీ. రెండు. అలా నాలుగు చుట్లు తిరిగి, చటుక్కున తెగింది. ఆపైన సూది గీరుకుంటున్న చప్పుడు.

చెంచురామయ్య బల్ల మీద నుంచి కాళ్లు కిందికి దించాడు. ఎప్పుడు దించాడో తనకే తెలియదు. కుడికాలు నేలను తట్టి, గాల్లో ఒక్క క్షణం ఆగి, మళ్లీ తట్టింది.

"టీచరమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ఇంకోసారి పెట్టు. తోక మాత్రం."

ఎలిశబెతు సూది ఎత్తి చివర్న పెట్టింది. మూడు. ఖాళీ. రెండు.

"ఏంది మామా?" అని అడిగింది దిల్షాద్.

"నన్నడుగుతావేంది పిల్లా? నువ్వు పుట్టిన వీధి దరువు. పీర్లు గుండానికి పొయ్యేటప్పుడు కొట్టేది."

బోగోలులో పీర్ల పండగనాడు చావిడి నుంచి నిప్పుల గుండం దాకా పీర్లను భుజాన ఎత్తుకుని నడుస్తారు. హిందువులూ మోస్తారు, ముస్లిములూ మోస్తారు. చెంచురామయ్య ఇంటి నుంచి తాత కాలం నాటి నుంచీ ఒకరు మోస్తున్నారు. చావిడి దాటగానే వీధి ఒక్కచోట జానెడు పల్లమవుతుంది. మోసేవాడు కిందికి చూడకూడదు. చూపు పీరు మీదే ఉండాలి. అందుకని పల్లం వచ్చేచోట తప్పెట వాళ్లు ఒక దెబ్బ ఆపేస్తారు. ఆ ఖాళీ విని కాలు తానే జాగ్రత్తపడి దిగుతుంది. ఆ తర్వాత గుండం చుట్టూ తిరిగినంతసేపూ అదే దరువు. పల్లం ఉన్నా లేకపోయినా ఆ దెబ్బ ఆపుతూనే ఉంటారు.

"దరువులన్నాక యాడైనా అట్టాంటివి పడతాయిలేవయ్యా" అన్నాడు కామాక్షయ్య. నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"పక్కనే ఉండే కావలిలో కూడా పడదు" అన్నాడు చెంచురామయ్య. "వాళ్ల వీధికి పల్లం లేదు."

"మేళంలో వాళ్లు మీ పండగకు వచ్చి ఉంటారు. విని ఉంటారు. ఆ మద్రాసు అతనికి చెప్పి ఉంటారు."

దిల్షాద్ పుస్తకం తెరిచింది. వెతకలేదు. వేలు ఆ పంక్తి మీదే ఉంది.

"'అంతవరకు మా ముఖమైనా చూడని మద్రాసు డ్రమ్మరొకతను అప్పుడే వచ్చి, రిహార్సల్ కూడా లేకుండా.' మీ పుస్తకమే కదండీ. ముఖం చూడనోడికి, రిహార్సల్ లేనోడికి, మా బోగోలు పల్లం ఎవరు చెప్పినారు?"

కామాక్షయ్య మెళ్లో దండ తీసి కుర్చీ చేతికి తగిలించాడు.

"నెల్లూరులో దిగిపొయ్యినోడు మద్రాసులో ఎట్టా వాయించినాడండీ?" అంది మళ్లీ. గొంతు పెంచలేదు. "మా అన్న నెల్లూరులో దిగలేదు. మీతోపాటే మద్రాసు వచ్చినాడు. ఆ పొద్దున స్టూడియోలో కూర్చుని వాయించినాడు. అవునా, కాదా? అంతే చెప్పండి."

షెడ్డులో ఇంజను ఆవిరి వదిలింది. బొగ్గు నుసి కలిసిన గాలి వసారాలోకి వచ్చి పోయింది. అందరూ ఆయన నోటివంకే చూస్తున్నారు.

"అవును" అన్నాడు కామాక్షయ్య. "ఆ పెట్టె ఎత్తకపోయింది కూడా వాడు కాదు."

రంగనాయకులు దిగ్గున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఏందయ్యా! ఎండలో చెప్పులరిగేట్టు తిరిగి చందా దండినోణ్ణి నేను. దొంగ ఎత్తకపోయినాడంటే నమ్మినాం. ఈ పిల్ల ఎదురుగా వస్తుంటే ఊరు ఊరంతా ముఖం తిప్పుకున్నాం. ఆ తల్లికి నీళ్ల కాడ కూడా మాట లేకుండా చేసినాం. అదంతా అబద్ధమంటావా?"

"అరవబాక రంగనాయకులూ" అన్నాడు చెంచురామయ్య. "ముఖం తిప్పుకోమని ఆయన చెప్పలా. అది మనమే చేసినాం."

రంగనాయకులు పడిపోయిన కుర్చీని ఎత్తి నిలబెట్టాడు గానీ అందులో కూర్చోలేదు. "సరే. అయిందేదో అయింది. రెండో అచ్చులో ఆ పేజీ తీసెయ్యండి. నిజం రాయండి. లేదంటే సంఘాలన్నిటికీ నేనే జాబులు రాస్తా. పేపర్లకు రాస్తా. మీ కచేరీకి నెల్లూరు జిల్లాలో ఒక్కడు కూడా టిక్కెట్టు కొనకుండా చేస్తా."

"తియ్యలేనయ్యా."

"ఏం? అచ్చు ఖర్చా?"

"కాదు." కామాక్షయ్య లేచి వసారా అంచుకు వచ్చాడు. సిగరెట్టు తీశాడు. వెలిగించకుండా మళ్లీ పెట్టెలో పెట్టాడు. చూడ్డానికి అప్పటిదాకా ఉన్న మేనేజరు కాదు, రైలు తప్పిపోయిన ప్రయాణికుడిలా ఉన్నాడు. "ఆ పేజీ నాది కాదు."

"పుస్తకం మీదే గదా?"

"పుస్తకమంతా నాదే. ఆ ఒక్క పేజీ నాది కాదు. నేను రాసింది వేరే. 'సొంత కారణాల వల్ల బాజీ మేళం వదిలినాడు' అని ఒక్క ముక్క రాసినాను. ఎకార్డియన్ ఊసే ఎత్తలేదు. నాకు మాత్రం ఆ పిల్లోడి మీద కోపమా? అంత మంచి చెయ్యి ఈ జన్మలో మళ్లీ చూళ్లేదు నేను. అచ్చుకు పొయ్యే ముందు మేళంలో అందరికీ చదివి వినిపించినాం. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ సంగతి తెలిసి వచ్చిన ఒక్క మనిషి ఒప్పుకోలా. ఇట్టా కాదు, దొంగ అని రాయండి, నెల్లూరులో దిగిపోయినాడని రాయండి, ఆ తర్వాత ఎవరూ చూళ్లేదని రాయండి అని పట్టుబట్టినాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేసినాడు. తెల్లారిందాకా మా ఇంట్లో కూర్చుని ఆ నాలుగు ముక్కలూ రాయించుకుని గానీ కదల్లేదు."

"ఎవరా మనిషి?" అని అడిగింది దిల్షాద్.

ఆయన ఆమెవంక చూసిన చూపులో జాలి ఉంది. అంతకుమించి భయం ఉంది.

"ఇంకెవరమ్మా. మీ అన్నే."

"ఎప్పుడు?"

"పోయిన ఉగాది ముందు."

ఉగాది దాటి ఇంకా ఏడాది కాలేదు.

దిల్షాద్ చేతిలోని పుస్తకం జారి బల్ల మీద పడింది. ఆరేళ్లు ఆమె అన్నకోసం ఒకే ఒక్క వాక్యం వెతికింది. అతను దొంగ కాదన్న వాక్యం. అది ఇవాళ నలుగురి ముందు దొరికింది. దొరికిన మరుక్షణమే తెలిసింది, దొంగ అన్న మాటను అతనే కోరి రాయించుకున్నాడని. మచ్చ లేని మనిషి తన చేత్తో తాను మచ్చ ఎందుకు పూసుకుంటాడు? ఊరు తనను అసహ్యించుకోవాలని, తన కోసం ఎవరూ వెతకకూడదని ఎవరైనా కోరుకుంటారా? ఆ మాటను చెరిపించడమంటే ఇప్పుడు అన్న మాటకు ఎదురు నిలవడం. ఎవరి తరపున నిలవాలి తను?

కానీ ఆ ప్రశ్నలన్నిటినీ తోసుకుంటూ ఇంకొకటి పైకి వచ్చింది. నీళ్లలోకి అదిమిన ఖాళీ బిందె ఒక్కసారిగా తేలినట్టు వచ్చింది. అతను ఉన్నాడు. ఎక్కడో ఒకచోట అన్నం తింటున్నాడు. నడుస్తున్నాడు. పంతం పడుతున్నాడు.

ఆమె గిర్రున మెట్లవైపు తిరిగింది. పరుగున వెళ్లి తల్లి ఎదుట మోకాళ్ల మీద కూలబడింది. నాగూర్‌బీ రెండు చేతులూ పట్టుకుంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయి మాట సరిగ్గా రాలేదు.

"అమ్మా... విన్నావా? అన్న బతికుండాడు. మన బాజీ బతికుండాడమ్మా!"

నాగూర్‌బీ కూతురి చేతుల్లోంచి తన చేతులు నెమ్మదిగా విడిపించుకుంది. కొంగు తల మీదికి లాక్కుంది. దిల్షాద్ భుజం మీదుగా కామాక్షయ్యవైపు ఒక్కసారి చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"తెలుసు" అంది.

దిల్షాద్‌కు అర్థం కాలేదు. "ఏం తెలుసమ్మా?"

"వాడు బతికుండేది తెలుసు. ఈ ఆరేళ్లూ తెలుసు." ముసలి గొంతు వసారా చివరిదాకా వినిపించింది. "ఆ బండి ఎక్కించి, మళ్లీ మన గడప తొక్కొద్దని, ఎవరూ వెతుక్కుంటా రాకుండా చూసుకోమని వాడి చేత ఒట్టు పెట్టించుకున్నది నేనే."